తల్లి శోకము - మిగిలిన బిడ్డ
(వికారాబాదు, తాండూరు ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ యనగానే బావులు, బాటలు, వీధిదీపములు, ఇంటిపన్నులు మనకు జ్ఞప్తికి వచ్చును. నేడు మేము మీ యెదుట ప్రస్తావింపదలచిన విషయము ఏ పద్దులోను చేరదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఆ మరణమును ఒప్పుకొనకుండుట, అందువలన అదే యింట మిగిలిన బిడ్డకు కలుగు కష్టము - ఇదియే మా విషయము.

2025 నవంబరు 3వ తేదీన తాండూరు నుండి హైదరాబాదునకు పోవుచున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల సమీపమున మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఢీకొనగా 19 మంది మరణించిరి. ఆ కుటుంబముల గూర్చి మేము మాటలాడబోము. వారి దుఃఖము వారిది. అయినను అట్టి వార్త చెవిని పడినప్పుడు ఏ తల్లి నోటనైనను మొదట వెలువడు మాట ఒక్కటే: "కాదు, నా బిడ్డ కాదు." ఈ మాటను తప్పుపట్టరాదు. భరింపరాని దెబ్బ తగిలినప్పుడు మనస్సు తన్ను తాను కాపాడుకొను విధమిది. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అను వైద్యురాలు మరణమున కెదురుచూచు రోగులతో మాటలాడి, 1969లో ప్రకటించిన గ్రంథమున దీనినే మొదటి మెట్టుగా పేర్కొనెను. అందరును ఆ మెట్లను ఒకే వరుసలో నెక్కరని నేటి వైద్యులు చెప్పుచున్నారు. కొందరు మొదటి మెట్టుననే చాలకాలము నిలిచిపోవుదురు. చిక్కంతయు అక్కడనే కలదు.

ఒక యింటిని ఊహింతము. నాపరాళ్ల గని గుంతలో వాననీరు నిలిచినది. ఈతకు దిగిన పెద్దకొడుకు తిరిగి రాలేదు. దినములు గడచినవి, చుట్టములు వెళ్లిపోయిరి. తల్లి ప్రతి రాత్రియు వానికి కంచము పెట్టుచున్నది. అడిగిన వారితో, "మావోడు పట్నంల హాస్టల్ల చదువుకుంటుండు" అనుచున్నది. ఆమెను నొప్పింపలేక ఇరుగుపొరుగువారు, "అవునమ్మా, పండుగకొస్తడు" అనుచున్నారు. ఇది దయతో ఆడిన మాటయే. కాని గడపపై ఎనిమిదేండ్ల చెల్లెలు కూర్చుండి వినుచున్నది. అన్నను మోసికొనిపోవుట ఆమె కన్నులార చూచినది.

ఆ పిల్ల ఇప్పుడు ఎవరిని నమ్మవలెను? తన కన్నులనా, తల్లి మాటనా? ఏడ్చినచో తల్లిని అబద్ధమాడినదానిగా చేసినట్లగును, కావున ఏడ్వదు. తండ్రి నడుగుటకు భయము. అంతకన్న పెద్ద భయము మరియొకటి కలదు. ముందునాడు అన్నతో కొట్లాడి "నువ్వు సావు" అని తిట్టియుండును. తన నోటిమాటయే అన్నను చంపినదని పసిమనస్సు తలచును. చావు మాటయే ఎత్తరాని యింట ఈ తలపును తొలగించువారెవరు?

కొన్ని యిండ్లలో మిగిలిన బిడ్డను తల్లి కన్నెత్తి చూడదు. మరికొన్ని యిండ్లలో వాకిలి దాటనీయదు. ఇంకను కొన్ని యిండ్లలో పోయినవాని చొక్కా, పోయినవాని పేరు, పోయినవాని చదువు ఈ బిడ్డపై మోపుదురు. అమెరికా పరిశోధకులు 1964లోనే ఇట్టి పిల్లలను గూర్చి వ్రాసి, మరణించిన బిడ్డకు బదులుగా పెరుగుట ఎంత భారమో తెలిపిరి. బిడ్డలు దక్కని యింట పుట్టినవానికి పెంటయ్య యని పేరిడు ఆచారము మన పల్లెలలో నుండెను. ఆ పేరు పెట్టిన తల్లి ముందటి బిడ్డల మరణమును దాచలేదు. ఈ బిడ్డయైన దక్కవలెనని కోరుకొన్నది.

అనంతగిరి కొండపై క్షయ వైద్యాలయము వెలసిన ప్రాంతమిది. దాచిన క్షయ పక్కవారికి సోకునని మీకు వేరుగా చెప్ప నక్కరలేదు. దాచిన దుఃఖమును అట్టిదే.

ఇందు పంచాయతీ చేయదగిన పనులు కలవు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము మరణమును 21 దినములలో తెలుపవలెను. ఇందుకై తల్లిని నిర్బంధింపవలదు; ఇంటి పెద్దయో, దగ్గరి బంధువో తెలుపవచ్చును. తల్లి యెదుట ఆమె మాటకు వంతపాడవలదు, వాదమునకును దిగవలదు. "వాడు పోయినాడమ్మా, వానిని మేము మరువలేదు" అని నెమ్మదిగా చెప్పి, వాని ముచ్చట్లు ఆమె నోట పలికింపవలెను.

బిడ్డకు నిజము తేటమాటలలో చెప్పవలెను. "అన్న నిద్రపోయినాడు" అన్నచో ఆ బిడ్డ నిద్రకే భయపడును. "చనిపోయినాడు, తిరిగి రాడు, ఇందులో నీ తప్పేమియు లేదు" - ఈ మూడు మాటలు చాలును. మేనత్తయో, అమ్మమ్మయో, బడి పంతులో ఒకరు ఆ బిడ్డకు తోడుగా నిలువవలెను. బడి మానుట, పక్క తడుపుట, మాట తగ్గుట కనిపించినచో ఉపేక్షింపరాదు. హిందువుల యింట పదకొండవ దినము, ముస్లిముల యింట నలువదియవ దినము ముగియగానే జనము వెనుదిరుగుదురు. మన పని అప్పుడే ఆరంభమగును.

ఆరు మాసములు దాటినను దుఃఖము తీవ్రత తగ్గక నిత్యజీవితమును స్తంభింపజేసినచో, దానిని చికిత్స పొందదగిన స్థితిగా ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో అమలులోనికి వచ్చిన తన వ్యాధుల పట్టికలో చేర్చినది. గాలి సోకినదని భూతవైద్యుని పిలువక, ప్రభుత్వ వైద్యుని వద్దకు తోడ్కొనిపోవలెను. 2022లో ఆరంభమైన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై ఖర్చు లేకుండ మాటలాడవచ్చును. పిల్లల సహాయమునకు 1098 కలదు. ఊరి చుట్టునున్న గని గుంతలకు కంచె వేయించుటయు మరువరాదు.

చనిపోయిన బిడ్డను చంకనిడుకొని మందుకై ఇల్లిల్లు తిరిగిన కిసాగోతమి కథ మీరెరుగుదురు. చావెరుగని యింటినుండి ఆవాలు తెమ్మని బుద్ధుడు పంపెను. ఆమె ప్రతి గడపనెక్కెను. ప్రతి యింటివారును తమ యింట చనిపోయినవారిని గూర్చి నిజము చెప్పిరి. ఒక్కరైనను జాలిపడి అబద్ధమాడియున్నచో ఆ తల్లి యింకను బిడ్డను మోయుచునే యుండెడిది. మన గ్రామములోని ప్రతి గడపయు అట్లే దయతో నిజము పలుకవలెనని, గడపపై కూర్చున్న ఆ పిల్ల చేయి ఒకరు పట్టుకొనవలెనని మా మనవి.