గాలి నిలిచే తిత్తి



మీ బిడ్డ అకార్డియన్ కావాలని అడుగుచున్నాడా? ఖరీదైనది అక్కరలేదు. 120 బేస్ బటన్ల పెట్టె పసివాడు మోయలేడు. 12 బటన్ల చిన్నది చాలును. పాతదైనా పరవాలేదు. అయితే కొనేముందు పరీక్షించండి. పట్టీలు విప్పి, ఏ మెట్టూ ఏ బటనూ నొక్కకుండా మెట్లున్న ప్రక్కను పైకి పట్టుకొని, రెండవ ప్రక్కను క్రిందికి మెల్లగా వదలండి. తిత్తి గబుక్కున జారితే గాలి కారిపోతున్నదన్నమాట. దానిని కొనవద్దు. తరువాత ప్రతి మెట్టునూ తిత్తి తెరుస్తూ ఒకసారి, మూస్తూ ఒకసారి నొక్కి వినండి. రెండుసార్లూ ఒకే స్వరం పలకాలి.

ఇది ఎందుకు చెప్పుచున్నాను? గాలి నిలువని పెట్టెతో బిడ్డ ఎంత కష్టపడినా పాట రాదు. అప్పుడు మనం పెట్టెను చూడక, "నీకు సంగీతం రాదురా" అని బిడ్డను నిందిస్తాము. ఆ మాట వాని మనస్సులో ఏండ్ల తరబడి ఉండిపోతుంది. పిల్లల మనస్సు క్రుంగనీయవద్దని పౌలు కొలొస్సయుల పత్రిక 3వ అధ్యాయంలో తండ్రులను హెచ్చరించాడు.

తక్కువ ధరకు కొనడం తప్పు కాదు. బిడ్డను తక్కువ చేయడం తప్పు. మీరు ఎప్పుడైనా ఆ మాట అని ఉంటే, ఈ దినమే బిడ్డను దగ్గరకు తీసుకొని, "తప్పు నాదే నాన్నా" అనండి.

దేవుడు మీ గృహమును దీవించును గాక. ఆమేన్.