పెద్దవాళ్ల చేతిలో ఫోను
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చెవిటికల్లు మహిళల ప్రసంగం)



పొదుపు, అప్పుల లెక్కలు నివేదికలో ఉన్నాయి. మేము మాత్రం ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం.

మా ఊళ్లో రిటైరైన మాస్టార్లు పొద్దున్నే పాత స్నేహితుల గ్రూపులో శుభోదయం పెడతారు. పనికి రిటైర్‌మెంటు అన్న మాటే ఎరగని మామ్మలు కూడా ఒళ్లు సహకరించక పొలం మానుకున్నాక యూట్యూబులో ప్రవచనాలు వింటున్నారు, వాట్సాప్‌లో దూరాన ఉన్న మనవళ్లను చూసుకుంటున్నారు. చదువు రానివాళ్లు మాట రికార్డు చేసి పంపుతున్నారు. అరుగు మీద కబుర్లు ఫోనులోకి మారాయి, అంతే. పనులూ అవుతున్నాయి. 2025 జనవరి 30 నుంచి మన రాష్ట్రంలో ‘మన మిత్ర’ పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోనే అందుతున్నాయి.

అయితే పోయిన ఏడాది మాలో ఒక పెద్దమ్మకు వీడియో కాల్ వచ్చింది. పోలీసు బట్టలేసుకున్న మనిషి, ‘నీ ఆధార్ మీద కేసుంది, డబ్బు కట్టకపోతే అరెస్టు, ఎవరికీ చెప్పొద్దు’ అని బెదిరించాడు. దాచుకున్న నలభై వేలు పంపేసింది. పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, ‘చెబితే ఫోను లాగేసుకుంటారు, మనవడి మొహం మళ్లీ ఎట్లా చూసేదమ్మా?’ అంది. మాకు నోట మాట రాలేదు. ‘ఈ వయసులో నీకు ఫోనెందుకు’ అని విసుక్కున్నది మేమే గదా. వెంటనే ఫిర్యాదు చేసుంటే దొరికేదేమో. ఆ డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

అప్పటి నుంచి సంఘం మీటింగులో ముందు పది నిమిషాలు ఫోను గురించే మాట్లాడుకుంటున్నాం. ‘డిజిటల్ అరెస్టు’ అనేది చట్టంలో లేనే లేదు. ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదు. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయాలి. ఈ నంబరు పెద్ద అక్షరాలతో రాసి మామ్మల గోడకు అంటించాం.

అన్నిటికన్నా ముఖ్యం, పొరపాటు జరిగిందని చెప్పినవాళ్లను తిట్టొద్దు. ఫోను లాక్కోవద్దు. మన ఇంట్లో పెద్దవాళ్లు భయం లేకుండా మనకే ముందు చెప్పేలా చూసుకుందాం.