మగ్గం మనదే, మరి కాగితాలు?

(కె.ఆర్.పురంలో జరిగిన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సన్మానాలు అయ్యాక, భోజనాలకు ముందు మాట్లాడమని మాకు చెప్పారు. ఎంత త్వరగా ముగించాలో మాకు తెలుసు. కానీ విషయం డబ్బుది, కాస్త ఓపిక పట్టండి.

2025 జులైలో బెంగళూరులో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. బేకరీలకు, టీ కొట్లకు, కూరగాయల బండ్లకు వాణిజ్య పన్నుల శాఖ నుంచి నోటీసులు వచ్చాయి. స్కానర్ మీద 2021-22 నుంచి వచ్చిన డబ్బులు లెక్కేసి, ఇంత పన్ను కట్టాలన్నారు. రాత్రికి రాత్రి కొట్ల ముందు స్కానర్లు తీసేసి ‘క్యాష్ మాత్రమే’ అని అట్టలు కట్టారు. ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారు ఆ నెల 23న వర్తకులతో కూర్చుని, పాత బాకీలు వసూలు చేయబోమని, పరిమితి దాటినవాళ్లు మాత్రం ఇక మీదట రిజిస్టర్ కావాలని చెప్పాక వేడి చల్లారింది.

ఆ వారంలో మా కమిటీ దగ్గరకు మన ఇళ్లవాళ్లు కూడా వచ్చారు. అందులో ఒక తల్లీకూతుళ్లు. ఇంట్లోనే చీరలు అమ్ముతారు. బ్యాంకు ఖాతాలో ఏడాదికి 43 లక్షలు పడింది. ఆ అమ్మకు నోటీసు రాకముందే జ్వరం వచ్చేసింది. మేము పాస్‌బుక్ ముందు పెట్టుకుని రెండు ఆదివారాలు కూర్చున్నాం. అందులో చీటీ పాడిన డబ్బుంది, కూతురి జీతముంది, పెళ్లికని మేనమామ పంపిన నాలుగు లక్షలుంది. ఇవేవీ అమ్మకాలు కావు. అవన్నీ తీసేస్తే చీరలవి 27 లక్షలు తేలాయి. చట్టం లెక్క అమ్మకానిది, ఖాతాలో పడిన ప్రతి రూపాయిదీ కాదు. కానీ ఆ మాట నిరూపించుకోవలసింది మనమే. అందుకే వ్యాపారానికి వేరే ఖాతా, వేరే స్కానర్ పెట్టుకోండి. చీటీ డబ్బులు అందులో కలపకండి.

ఇప్పుడు ఆ పరిమితి సంగతి. సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు కర్ణాటకలో ఏడాదికి 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. సేవలకైతే 20 లక్షలే. మన కులవృత్తిలో చాలామంది తప్పు చేసేది ఇక్కడే. సావుకారు ఇచ్చిన నూలు నేసి కూలి తీసుకుంటే చట్టం దృష్టిలో అది సరుకు కాదు, సేవ. ఒకే ఇంట్లో, ఒకే పాన్ మీద, సొంత చీరలూ అమ్మి కూలి నేత కూడా చేస్తే 20 లక్షల గీతే వర్తిస్తుంది. ‘మాకింకా నలభై రాలేదు కదన్నా’ అని ధీమాగా ఉండకండి.

ఇంకొకటి రాష్ట్రం సరిహద్దు. ధర్మవరం నుంచో హిందూపురం నుంచో చీరలు కొనుక్కొచ్చి ఇక్కడ అమ్మితే కొన్నందుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇక్కడి నుంచి అనంతపురంలో బంధువు కొట్టుకు సరుకు పంపి అమ్మితే మాత్రం అది రాష్ట్రాంతర అమ్మకం, మొదటి చీర నుంచే రిజిస్ట్రేషన్ అడుగుతారు. చేతి మగ్గం సరుకుకు, కొన్ని షరతులతో, ఇందులో మినహాయింపు ఉంది. కరెంటు మగ్గం సరుకుకు లేదు. ఆన్‌లైన్ కంపెనీల ద్వారా అమ్మే చిన్నవాళ్లకు 2023 అక్టోబర్ 1 నుంచి వెసులుబాటు ఇచ్చారు. పరిమితి లోపల ఉండి, కర్ణాటకలోనే అమ్మితే, ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో సరిపోతుంది.

గీత దాటినవాళ్లు భయపడాల్సిన పని లేదు. కోటిన్నర లోపు అమ్మకమున్న చిన్న కొట్లకు, తయారీదార్లకు కాంపోజిషన్ పద్ధతి ఉంది. అమ్మకం మీద ఒక శాతం కట్టి, మూడు నెలలకోసారి లెక్క చెబితే చాలు. అయితే బయటి రాష్ట్రానికి అమ్మకూడదు, గిరాకీ దగ్గర పన్ను వేరుగా వసూలు చేయకూడదు.

ఇక కొట్టు తెరవడం. పూజకు ముహూర్తం చూస్తాం గానీ కాగితానికి గడువు చూడం. కొట్టు తెరిచిన 30 రోజుల్లోపు 1961 నాటి కర్ణాటక దుకాణాల చట్టం కింద కార్మిక శాఖలో రిజిస్టర్ కావాలి, ఆ పని ఆన్‌లైన్‌లోనే అవుతుంది. పాలికె నుంచి ట్రేడ్ లైసెన్సు వేరే. కె.ఆర్.పురం ఒకప్పుడు సొంత పురసభ. 2007లో బీబీఎంపీలో కలిసింది, 2025 సెప్టెంబరు నుంచి బెంగళూరు తూర్పు నగర పాలికె కిందకి వచ్చింది. బోర్డులు మారాయి గానీ లైసెన్సు అవసరం మారలేదు. దాని ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి దాకా. జనవరిలో తీసుకున్నా మార్చి ఆఖరుకే అయిపోతుంది. ‘నిన్ననే కదా కట్టాం’ అని ఒక పెద్దాయన మా మీద కోప్పడ్డారు, పాపం. ఇక కొట్టు బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలని 2024లో చట్టమొచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, బోర్డు కన్నడలో రాయిస్తాం. ఈ ఊరి అన్నం తింటున్నాం, అందులో చిన్నతనం ఏముంది?

మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఉద్యమ్ రిజిస్ట్రేషన్. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా అవుతుంది. రెండు వేలు, మూడు వేలు అడిగేవాళ్లను నమ్మకండి. ఎందుకింత గట్టిగా చెబుతున్నామంటే, మాలోనే ఒక కుటుంబం చిక్కపేటలో ఒక పెద్ద కొట్టుకు 60 పట్టుచీరలు అప్పు మీద ఇచ్చింది. దసరా పోయింది, సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది. అడిగితే ‘సరుకు ఇంకా కదల్లేదమ్మా’ అనే మాటే. చీటీ ముక్క మీద లెక్క తప్ప ఏ కాగితమూ లేదు. చివరికి సగానికి సర్దుకున్నారు. మగ్గం మీద ఇద్దరు మనుషుల ఏడాది కష్టం అది.

2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం ప్రకారం, చిన్న తయారీదారు దగ్గర సరుకు తీసుకున్నవాడు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో రాసిన గడువుకు, ఎంత రాసుకున్నా 45 రోజులకు మించకుండా డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్, రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉన్నాయి. పైగా గడువులోపు చెల్లించని మొత్తాన్ని కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడని 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను నియమం కూడా వచ్చింది. సావుకార్లు ఇప్పుడు మన ఉద్యమ్ నంబరు అడుగుతున్నారంటే కారణం ఇదే. కొందరు నంబరు లేనివాళ్ల దగ్గరే సరుకు తీసుకుంటామంటున్నారు, ఆ బాధ కూడా మాకు తెలుసు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. సరుకు ఇచ్చే ముందే నంబరు తీసుకోండి. బాకీ పడ్డాక తీసుకుంటే కోర్టులో వాదనకు చోటిచ్చినట్టే. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ ఉన్నా ఈ బాకీ రక్షణ దొరకదు, నేసేవాళ్లకే.

ఆ కాగితం ఎవరి పేరుతో అన్నదీ ఆలోచించండి. మన ఇళ్లలో ఆసు పోసేది, కండెలు చుట్టేది, సగం నేసేది ఆడవాళ్లు. కాగితాలేమో ఇంటాయన పేరున. లోను కావాలంటే ఆయన సంతకం, ఆయన పోతే ఆమెకు వ్యాపారమే లేదన్నట్టు బ్యాంకువాళ్లు చూస్తారు. వ్యాపారం నడిపేది ఆమె అయితే ఆమె పేరుతోనే తీయండి.

అన్నదమ్ములు కలిసి చేస్తుంటే భాగస్వామ్య పత్రం రాయించి రిజిస్టర్ చేయించండి. 1932 చట్టం ప్రకారం రిజిస్టర్ కాని సంస్థ బాకీదారు మీద కోర్టులో దావా వేయలేదు. భాగస్థులు ఒప్పందం పట్టుకుని ఒకరి మీద ఒకరు వేయలేరు కూడా. నలుగురు పెద్దమనుషుల ముందు మాట్లాడుకున్నాం చాలు అనే రోజులు మన తాతల కాలానివి.

చివరగా ఒక సంగతి, మనలో మనమాట. కరెంటు మగ్గం చీరను చేతి మగ్గం అని అమ్మకండి. 1985 చట్టం 11 రకాల వస్త్రాలను చేతి మగ్గానికే కేటాయించింది. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది, వేరే చోట నేసినదానికి ఆ పేరు తగిలిస్తే జైలు శిక్ష దాకా వెళ్తుంది. మన పొట్ట మనమే కొట్టుకున్నట్టు కూడా అవుతుంది.

వచ్చే నాలుగు ఆదివారాలు ఉదయం పది నుంచి మేము ఇక్కడే కూర్చుంటాం. ఆధార్, పాన్, పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు లేదా అద్దె పత్రం తీసుకురండి. ఆధార్‌కు కలిపిన ఫోను మీ దగ్గరే ఉండాలి, ఊర్లో కొడుకు దగ్గర ఉంటే ఓటీపీ రాదు. పోయినసారి దానికే సగం రోజు పోయింది. వడ్డన మొదలైనట్టుంది, పెద్దవాళ్లను ముందు కూర్చోనివ్వండి.