సరిహద్దు ఊరి ఆటస్థలం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్నా బాగా తెలిసిన పెద్దలు ఉదయం నుండి మాట్లాడారు. "మీరు ఐర్లాండు వెళ్లి వచ్చారు కదా, అక్కడి సంగతి ఏదైనా చెప్పండి" అని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. మా అమ్మాయి, అల్లుడు అక్కడ డండాక్ అనే పట్టణంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వారి దగ్గర అయిదు నెలలు ఉన్నాను. చలి గురించీ వంకాయల ధర గురించీ చెప్పి మీ కాలం వృథా చేయను. అక్కడికి కారులో అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి ఆటల క్లబ్బు గురించి చెబుతాను.

ఊరి పేరు క్రాస్‌మగ్లెన్. 2011 జనాభా లెక్కల ప్రకారం జనాభా సుమారు 1,600. మన లెక్కలో చిన్న పంచాయతీ. క్లబ్బు పేరు క్రాస్‌మగ్లెన్ రేంజర్స్. స్థాపన 1887.

ముందుగా ఒక విషయం మనవి చేయాలి. 1921లో ఐర్లాండును రెండుగా విభజించారు. దక్షిణ భాగం తరువాత స్వతంత్ర దేశమైంది. ఉత్తరాన ఆరు కౌంటీలు బ్రిటన్‌లోనే ఉండిపోయాయి. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. డండాక్ దక్షిణాన ఉంటే, క్రాస్‌మగ్లెన్ గీతకు ఉత్తరాన ఆర్మా అనే కౌంటీలో ఉంది. ఇప్పుడు ఆ గీత దాటుతున్నామని మా అల్లుడు చెబితే గాని నాకు తెలియలేదు. చెక్‌పోస్టు లేదు, అడ్డుగేటు లేదు. రోడ్డు పక్క బోర్డుల మీద వేగం కిలోమీటర్ల నుండి మైళ్లలోకి మారింది, అంతే. ఒకప్పుడు అలా లేదని మీరు ఊహించగలరు.

ఇక ఆట. అక్కడి వారు తమ దేశపు ఆటలను గేలిక్ ఆటలంటారు. ఇంగ్లీషు వారి ఆటల ధాటికి ఇవి మరుగున పడిపోతున్నాయని 1884 నవంబరు 1న తర్లెస్ అనే ఊళ్లో ఒక హోటలులో కొద్దిమంది కూర్చుని సంఘం పెట్టారు. మైఖేల్ క్యూసాక్ అనే ఉపాధ్యాయుడు అందుకు ముఖ్య కారకుడు. మొదటి సమావేశానికి వచ్చినవారు పది పదిహేను మందికి మించరు. మన సంఘం మొదటి సమావేశానికీ అంతేగా వచ్చారు! నేడు ఆ సంఘానికి ప్రపంచమంతటా రెండు వేలకు పైగా క్లబ్బులున్నాయి.

కర్రలతో ఆడే హర్లింగ్ ఒకటి, గేలిక్ ఫుట్‌బాల్ మరొకటి. క్రాస్‌మగ్లెన్ పేరు మోగింది ఫుట్‌బాల్‌లో. జట్టుకు పదిహేను మంది. బంతిని చేత్తో పట్టవచ్చు, కాలితో తన్నవచ్చు. అడ్డుకర్ర కింద నుండి వలలో పడితే గోలు, దానికి మూడు పాయింట్లు. పై నుండి పోతే ఒక పాయింటు. 2025 నుండి దూరం నుండి కొట్టిన దానికి రెండు పాయింట్లు ఇస్తున్నారు. మా మనవడు నాకు ఈ లెక్క నాలుగుసార్లు చెప్పాడు. పే ఫిక్సేషన్ కన్నా సులువే.

నన్ను ఆకర్షించినవి రెండు సంగతులు. ఒకటి, ఆడేవారికి జీతం లేదు. దేశమంతా పేరున్న ఆటగాడైనా సోమవారం పొద్దున బడికో, దుకాణానికో, పొలానికో పోవలసిందే. రెండవది, సాధారణంగా ఎవరి ఊరి క్లబ్బుకు వారే ఆడాలి. డబ్బిచ్చి పక్క ఊరి మొనగాణ్ణి కొనుక్కోవడం కుదరదు. ట్రాన్స్‌ఫర్ల మీద ట్రాన్స్‌ఫర్లతో పిల్లల చదువులు చెట్టెక్కించుకున్న మన వంటి వారికి ఇది వింతగానే ఉంటుంది. ఒక్క ఊరి తల్లులు కన్న పిల్లలతోనే జట్టు కట్టాలి, ఉన్నవారితోనే నెగ్గాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. క్లబ్బు మైదానానికి ఆలివర్ ప్లంకెట్ పేరు పెట్టుకున్నారు. ఆయన 1681లో లండన్‌లో ఉరికంబమెక్కిన ఆర్మా ఆర్చిబిషప్పు. ఉత్తర ఐర్లాండులో అల్లర్లు ముదిరిన తరువాత 1970ల మొదట్లో బ్రిటిష్ సైన్యం ఆ మైదానం పక్కనే శిబిరం పెట్టి, మైదానంలో కొంత భాగాన్ని తన అవసరాలకు స్వాధీనం చేసుకుంది. ఆ ప్రాంతంలో రోడ్డు మీద వాహనాలు పోతే మందుపాతరలు పేలేవి. అందుచేత సైనికులు, వారి సరుకులు అన్నీ హెలికాప్టర్లలోనే. అవి మైదానం మీదుగా తక్కువ ఎత్తులో దిగేవి, ఎగిరేవి. ఆట మధ్యలో ఆగిపోయేది. గాలి సద్దుమణిగాక మళ్లీ మొదలుపెట్టేవారు.

ఇందులో ఒక పక్షమే బాధపడిందని నేను అనను. దక్షిణ ఆర్మా ప్రాంతంలో ఆ సంవత్సరాలలో వందకు పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. వారిలో పందొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రవాళ్లున్నారు. వారికీ తల్లులుంటారు. ఊరివారూ పోయారు. ఆ లెక్కలు తేల్చడం నా పని కాదు. నేను తాలూకాఫీసులో చేరి మండలాఫీసులో రిటైరయిన మనిషిని. నాకు తెలిసింది భూమి సంగతి.

మన అడంగల్లో పట్టాదారు కాలమ్ వేరు, అనుభవదారు కాలమ్ వేరు. పట్టా ఎవరి పేర ఉన్నా, భూమిలో కాలు పెట్టకుండా పన్నెండు సంవత్సరాలు ఊరకుంటే ఏమవుతుందో ఇక్కడ ఉన్న రెవిన్యూ వారికి నేను చెప్పనక్కరలేదు. క్రాస్‌మగ్లెన్ వారు ఆ మైదానాన్ని వదిలి వేరేచోటికి పోవచ్చు. చుట్టూ పచ్చిక బయళ్లే. వారు పోలేదు. ఫిర్యాదులు పెట్టారు, నష్టపరిహారం అడిగారు. వారి గోడు రెండు ప్రభుత్వాల మధ్య చర్చల దాకా వెళ్లింది. ఇంతలో ఆట మాత్రం ఆపలేదు. మిగిలిన నేలలోనే పిల్లలకు నేర్పారు. అనుభవదారు కాలమ్‌లో తమ పేరు చెరగనివ్వలేదు. నా దృష్టిలో కప్పులన్నిటికన్నా ఇదే గొప్ప విజయం.

కప్పులూ తక్కువ కాదు. అక్కడ ముందు కౌంటీలో నెగ్గాలి, తరువాత ప్రావిన్సులో, ఆపైన ఐర్లాండు మొత్తం మీద. మన జిల్లా, రాష్ట్ర, జాతీయ పోటీల వలెనే. 1997 మార్చి 17న, అంటే వారి సెయింట్ పాట్రిక్ పండుగ రోజున, డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో నాక్‌మోర్ జట్టును ఓడించి క్రాస్‌మగ్లెన్ మొదటిసారి అఖిల ఐర్లాండు క్లబ్ కప్పు గెలిచింది. అప్పటికి సైన్యం మైదానం పక్కనే ఉంది. 1998 ఏప్రిల్‌లో శాంతి ఒప్పందం కుదిరింది. 1999 మార్చిలో రెండవ కప్పు, 9-8 తేడాతో. ఒక్క పాయింటు! అదే సంవత్సరం సైన్యం మైదానం భూమిని క్లబ్బుకు తిరిగి ఇచ్చేసింది. పాతికేళ్ల ఫైలు క్లోజయింది. 2000లో మూడవ కప్పు, ఆపైన 2007, 2011, 2012లలో మరి మూడు. సొంత కౌంటీలో 1996 నుండి 2008 వరకు వరుసగా పదమూడు సంవత్సరాలు వారిదే కప్పు. 1,600 మంది ఊరికి!

మొదటి మూడు కప్పులకు శిక్షకుడు జో కెర్నన్, ఆ ఊరివాడే. ఆయన ఆటగాడిగా 1977లో ఆర్మా కౌంటీ జట్టు తరపున ఫైనల్ ఆడి ఓడిపోయారు. 2002లో ఆయనే కౌంటీ జట్టు శిక్షకుడు. కెరీ కౌంటీ మీద ఫైనల్, సగం ఆటకు నాలుగు పాయింట్లు వెనుక. ఓడినందుకు 1977లో తనకిచ్చిన జ్ఞాపికను విరామంలో ఆటగాళ్లకు చూపించి, గోడకేసి విసిరికొట్టారట. మొదటి సగంలో పెనాల్టీ పోగొట్టిన ఓషీన్ మెకాన్విల్, అతనూ క్రాస్‌మగ్లెన్ కుర్రవాడే, రెండవ సగంలో గోలు కొట్టాడు. ఒక్క పాయింటుతో గెలిచారు. ఆర్మా కౌంటీకి అది మొట్టమొదటి అఖిల ఐర్లాండు కప్పు.

ఆ మెకాన్విల్ గారి గురించి ఇంకొక మాట. అంత పేరున్న రోజుల్లోనే ఆయన జూదపు వ్యసనంలో పీకలదాకా మునిగి ఉన్నారు. తరువాత చికిత్స పొంది, సిగ్గుపడకుండా అందరికీ చెప్పి, పుస్తకం కూడా వెలువరించి, అదే వ్యసనంలో పడినవారికి సలహాదారుగా పనిచేశారు. సెల్‌ఫోనులో రమ్మీ ఆడి అప్పుల పాలయిన కుర్రవాళ్లు మన బంధువులలోనూ ఉన్నారు కనుక ఈ మాట చెప్పాను.

నేను వెళ్లిన రోజు ఆదివారం కాదు. మైదానంలో పదేళ్ల లోపు పిల్లలు ఇరవై మంది దాకా, నలుపు, పసుపు చొక్కాలలో ఉన్నారు. నేర్పుతున్న ఇద్దరూ ఎక్కడో పని ముగించుకుని నేరుగా వచ్చినట్లున్నారు, ఒకాయన కాళ్లకు పని బూట్లు ఇంకా ఉన్నాయి. హెలికాప్టర్లు ఏ వైపు నుండి దిగేవో గేటు దగ్గర ఒక పెద్దాయన చేత్తో చూపించారు. నాకన్నా నాలుగేళ్లు పెద్దవారై ఉంటారు. అక్కడ ఇప్పుడు గడ్డి మిగతా మైదానంతో కలిసిపోయింది, తేడా కనపడలేదు. 2024లో ఆర్మా రెండవసారి అఖిల ఐర్లాండు కప్పు గెలిచిందని, ఆ జట్టులో రియాన్ ఓనీల్ తమ క్లబ్బువాడేనని ఆయన నాకు రెండుసార్లు చెప్పారు.

భోజనాలు సిద్ధమని కార్యదర్శి గారు చీటీ పంపారు.