ఆకుపసరును తక్కెడ కెక్కింపుడు

నేడు పట్టభద్రులగుచున్న యువ పశువైద్యులారా!

మీ విశ్వవిద్యాలయము ఏ పండితుని నామమును ధరించియున్నదో ఆ పి.వి. నరసింహారావుగారు 1957 మొదలు 1977 వఱకు శాసనసభలో మంథనికి ప్రాతినిధ్యము వహించిరి; గోదావరీతీరమున వేదాధ్యయనమునకు పేరొందిన ఆ యూరివాడనగు నాకు మీతో అదియొక చుట్టరికము. ఆ చనవుతోనే, మా ప్రాంతపు కోళ్ళ షెడ్డులో రైతు మిమ్ము తొలినాడే అడుగబోవు ప్రశ్నను గూర్చి నాలుగు మాటలు చెప్పెదను: “సారూ, మందుకు బదులు ఆకుపసరు పోస్తె కోళ్లకు మంచిదేనా?”

ఆ ప్రశ్న వెనుక నున్న చరిత్రలో మన తెలుగువాడొకడు గలడు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు అధిపతియై యుండగా, అచ్చటి బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి ప్రతిజీవకమైన ఆరియోమైసిన్‌ను వెలికిదీసెను. 1948లో అది లోకమునకు వెల్లడియై అసంఖ్యాకులకు ప్రాణదానము చేసినది. ఆ సంస్థలోనే జూక్స్, స్టాక్‌స్టాడ్ అను శాస్త్రజ్ఞులు ఆ మందు తయారీలో మిగిలిన పదార్థమును దాణాలో కలిపినపుడు కోడిపిల్లలు వేగముగా పెరుగుటను గుర్తించి 1950లో ప్రకటించిరి. రోగము లేని పక్షికి సైతము దినదినము కొద్దికొద్దిగా ప్రతిజీవకమును మేపు ఆచారము అట్లు ప్రబలి, మందునకు లొంగని సూక్ష్మజీవులు షెడ్లలో పుట్టి మనుష్యుల దాక వచ్చుటకు దారితీసినది. స్వీడన్ 1986లోను, ఐరోపా సమాఖ్య 2006లోను పెరుగుదల కొఱకైన ఆ వాడుకను నిషేధించినవి. మన దేశము 2019లో ఆహారమునకై పెంచు పశుపక్ష్యాదులకు కొలిస్టిన్ అను ప్రతిజీవకపు వాడకమును నిలిపివేసినది. ఖాళీయైన ఆ స్థానమున ఆకు నిలువగలదా అనునదియే రైతు ప్రశ్న.

బ్రాయిలర్ పిల్ల గుడ్డునుండి వెలువడిన నాడు సుమారు నలువది గ్రాముల జీవి. ఆరు వారములలో అది రెండు కిలోలు దాటును. ఇంతటి పెరుగుదల ప్రేవులలోని సన్నని చూషకములపై ఆధారపడియున్నది. క్లాస్ట్రిడియం గాని, రక్తపారుడు కలిగించు కాక్సీడియా గాని ఆ చూషకముల పొరను గాయపరచినచో తిన్న దాణా ఒంటబట్టదు. పెంపకపు ఖర్చులో ఇంచుమించు మూడింట రెండువంతులు దాణాదే కదా! ఆకులకు పని యున్నచోటు ఇదే. వేపలోని చేదుద్రవ్యములు, నేలవేములోని ఆండ్రోగ్రఫోలైడ్, తులసిలోని యూజెనాల్ కొన్ని సూక్ష్మజీవులను అణచుటయు, మునగాకులోని క్వెర్సెటిన్ కణములను ఆమ్లజనీకరణపు హానినుండి కాచుటయు ప్రయోగశాలలలో కనబడిన విషయములు. మండువేసవిలో రామగుండము, మంథని ప్రాంతముల వేడికి వగర్చు కోళ్ళకు ఈ రెండవ గుణము మిక్కిలి విలువైనది కావచ్చును.

అయినను గాజునాళికలో చచ్చిన సూక్ష్మజీవి కోడికడుపులోను చచ్చునని నమ్మకుడు. పక్షులపై జరిగిన ప్రయోగముల ఫలితములు ఏకముఖముగా లేవు: ఒకచోట బరువు పెరిగినది, మరొకచోట తేడాయే లేదు. ఆకు ప్రతిచోట ఒకటి కాకుండుటయే ఇందుకు ముఖ్యకారణమని నా నిశ్చయము. వానకాలపు ఆకునకును ఎండకాలపు ఆకునకును, నీడ నారినదానికిని ఎండ నెండినదానికిని, నీట మరగినదానికిని మద్యసారమున నానినదానికిని సారము వేరు. వేపాకు హద్దుమీరినచో చేదువలన మేత తగ్గును. మునగాకు మితిమీరినచో పీచును టానిన్లును జీర్ణమునకు అడ్డుపడును. కావున రైతునకు “గుప్పెడు వేయుము” అని యెన్నడును చెప్పకుడు. ఏ మొక్క, ఏ భాగము, ఏ నెల, ఎంత నీటికి ఎంత యని వ్రాసి యిండు. ఒకేనాడు దిగిన పిల్లలను గదులుగా విభజించి, కొన్నింటికి పసరును కొన్నింటికి వట్టినీటిని ఇచ్చి, వారము వారము తూచి, తిన్న దాణాను చచ్చిన పిల్లలను లెక్కింపుడు. ఒప్పందముపై కంపెనీవారి పిల్లలను, కంపెనీవారి దాణాతో పెంచు రైతు చేతిలో మిగిలినది నీటితొట్టి మాత్రమే. అందు పసరు కలుపుటకు ముందు కంపెనీవారి అంగీకారమును గూడ పొందుడు.

ఆకు చేయజాలని పనులును గలవు. కొక్కెర తెగులునకు టీకాయే రక్ష. తడిసిన పొట్టుపరుపును ఏ పసరును బాగుచేయజాలదు. నిజముగా జబ్బుపడిన మందకు తగిన ప్రతిజీవకము నిచ్చుటకు సంకోచింపకుడు. ఇచ్చినపిదప మాంసమునకు పంపకముందు విడువవలసిన దినములను తప్పక విడువుడు.

మిత్రులారా, మీరు ఉద్యోగములకై ఏ నగరమున స్థిరపడినను, ఏటికొక్కమారైనను మంథని, కాటారము వైపునకు వచ్చి, అడవి అంచుల పల్లెలలో ఏ ఆకును ఏ జబ్బునకు వాడుచున్నారో అడిగి వ్రాసికొనుడు. ఒక చిన్నరైతు షెడ్డులో దానిని పరీక్షింపుడు. ఫలితము అనుకూలమైనను ప్రతికూలమైనను, పత్రికకు పంపుటకంటె ముందు ఆ రైతునకు తెలియజేయుడు.