పూరిల్లు – గట్టు మీది తాడిచెట్టు



పూరిళ్లు పోయి డాబాలు వచ్చాయని మనం తేలిగ్గా అనేస్తాం. కాని మారింది ఇల్లొక్కటే కాదు. దాని చుట్టూ ఉన్న పొలమూ, గట్టూ, పెరడూ కూడా మారాయి. ఈవేళ ఆ సంగతి ముచ్చటించుకుందాం.

శ్రీకాకుళం మొదలు గోదావరి జిల్లాల వరకు కోస్తా పల్లెల్లో చుట్టిళ్లు ఉండేవి. గుండ్రని మట్టిగోడ, గొడుగులాంటి కప్పు, మనిషి వంగి లోపలికి పోవలసినంతగా కిందికి దిగిన చూరు. ఊరకే అలా కట్టలేదండీ. మూలలేని గోడను గాలి ఒరుసుకొని పోతుంది. ఏటవాలు కప్పు మీద వాననీరు నిలవదు. చూరు దిగితే మట్టిగోడ తడవదు.

సామానంతా ఊళ్లోదే. మట్టి చెరువుది. వాసాలు, ఆకు, కట్టే నార గట్టు మీది తాటిచెట్టువి. పొయ్యి పొగ పట్టిన కప్పులో పురుగు అంతగా చేరేది కాదు. రెండు మూడేళ్లకొకసారి, తొలకరికి ముందే, ఇరుగుపొరుగు కూడి కప్పు నేసుకొనేవారు.

తర్వాత 1966 నుంచి ఐ.ఆర్. 8 వంటి పొట్టి వరి రకాలు వచ్చాయి. గింజ పెరిగింది, గడ్డి పొడుగు తగ్గింది. ఆపైన కోత యంత్రాలు వచ్చి గడ్డి నలిగిపోయింది. అది కప్పుకు పనికిరాదు. గట్లు సన్నబడ్డాయి. చాలాచోట్ల తాటిచెట్లు ఇటుక బట్టీలకు పోయాయి.

మా ప్రాంతంలో ఒక పెద్దాయన పశువుల పాకకు ఆకు కోసం మూడూళ్లు తిరిగాడు. "చెట్లు అమ్మిన డబ్బు ఎటుపోయిందో గుర్తులేదు బాబూ, ఆకు మాత్రం ఏటా గుర్తొస్తోంది" అన్నాడు.

అలాగని అందరూ మళ్లీ పూరిళ్లకే పొమ్మని నేను చెప్పను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. ఉప్పెన నీటికి మట్టిగోడ ఆగదు. వేసవిలో నిప్పురవ్వ పడితే ఒక ఇంటితో పోదు, వాడంతా అంటుకుంటుంది. పిల్లలు పడుకొనే ఇల్లు గట్టిదే కావాలి.

కాని పశువుల పాకకు ఆకు కప్పే మేలు. మే నెల ఎండలో రేకుల కింద గేదె రొప్పుతుంది, పాలు తగ్గిస్తుంది. కప్పు బాగా వాలుగా ఉంచండి. గడ్డివామిని పాకకు దూరంగా వేయండి. కరెంటు తీగెలు ఆకుకు తగలనీయకండి.

ఇక తాటిచెట్టు మాట. శ్రావణ భాద్రపదాల్లో రాలిన పండ్ల టెంకలను గట్టు మీద పదేసి అడుగులకొకటి నేరుగా పాతండి. మొలక ముందు నేలలోకే దిగుతుంది. కనుక పెరికి వేరేచోట నాటితే బతకడం కష్టం. పశువులు తొక్కకుండా కంప వేయండి. ఆకు కోసేటప్పుడు మొవ్వు జోలికి పోవద్దు.

కాపుకు పన్నెండు పదిహేనేళ్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ పడుతుంది. "అంతకాలం ఎవరు చూస్తారు?" అంటారా? మీ తాతగారు అలా అనుకొని ఉంటే మీరు పుట్టిన ఇంటికి కప్పు ఉండేది కాదు. ఈ ఏడు పది టెంకలు పాతండి.