ఒకే అక్షరాలు – వేరువేరు అర్థాలు
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు చాలామంది ఉద్యోగరీత్యా జర్మనీ, స్వీడన్, ఫ్రాన్సు దేశాలలో ఉంటున్నారు. వారిని చూడడానికి మనమూ వెళ్ళి వస్తున్నాం. అక్కడి బోర్డుల మీద, సీసాల మీద కనిపించేవి మనం బడిలో దిద్దుకున్న ఇంగ్లీషు అక్షరాలే. చదివేయగలమన్న ధైర్యం కలుగుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

జి, ఐ, ఎఫ్, టి – 'గిఫ్ట్'. ఇంగ్లీషులో బహుమతి. జర్మన్‌లో విషం. స్వీడిష్‌లో విషమనీ అర్థమే, పెళ్ళయినవారనీ అర్థమే! (నవ్వులు) ఈ మూడింటికీ మూలం ఒక్కటే – 'ఇవ్వడం'. మనమూ 'పిల్లను ఫలానా ఇంటికి ఇచ్చాం' అంటాం కదా. జర్మన్‌లో కట్నాన్ని ఇప్పటికీ 'మిట్‌గిఫ్ట్' అంటారు. మరి విషం ఎలా అయింది? 'డోసు' అనే మాటకు గ్రీకులో అర్థం 'ఇవ్వడం'. ఆ వరుసలోనే 'గిఫ్ట్' కూడా ఇచ్చే మందై, చివరకు విషమైంది. మనకూ జ్వరానికి వేసుకునేది మందే, చేలో పురుగులకు కొట్టేదీ మందే.

కొన్ని మాటలకు చుట్టరికమే లేదు. పి, ఎ, ఐ, ఎన్ – ఇంగ్లీషులో 'పెయిన్', అంటే నొప్పి. శిక్ష అనే అర్థమున్న 'పేనా' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. ఫ్రెంచిలో అవే అక్షరాలకు రొట్టె అని అర్థం. దాని మూలం 'పానిస్' అనే మరో లాటిన్ మాట. పావ్ భాజీలోని 'పావ్' పోర్చుగీసు వారి ద్వారా వచ్చిన ఆ రొట్టే.

ఇక మనందరికీ ప్రియమైన మాట 'పెన్షన్'. తూచి చెల్లించడమనే లాటిన్ మాట దీనికి మూలం. జర్మనీలో ప్రభుత్వోద్యోగులు రిటైరయ్యాక పొందేదీ పెన్షనే, బాటసారులు బస చేసే చిన్న హోటలూ పెన్షనే. ఆ బోర్డు చూసి లైఫ్ సర్టిఫికెట్ పట్టుకొని లోపలికి వెళ్ళకండి! (నవ్వులు)

హాస్యం మాట అటుంచి, ఒక్క మనవి. పరాయి దేశంలో తెలిసిన అక్షరాలు కనిపించినంత మాత్రాన తెలిసిన మాట అనుకోవద్దు. వంటింట్లో గానీ, స్నానాలగదిలో గానీ 'గిఫ్ట్' అని రాసిన సీసా ఉంటే ముట్టుకోకండి, మనవలను ముట్టుకోనివ్వకండి. మందుల చీటీని పిల్లలచేత చదివించుకోండి. అడగడం చిన్నతనం కాదు.